కాటా మీద టొరానా

నా బరువెంతని అడిగాడు క్లారీ వెనింగ్, మొదటి రోజే.
జీతమెంతని కాదు, వీసా ఏదని కాదు, పెళ్లయిందా అని కాదు.
యాభై మూడు కిలోలన్నాను.
బూట్లతోనా, అన్నాడు.

మిల్డూరాలో ఎండుద్రాక్ష లారీలకు కాటా వేసేదాన్ని నేను.
లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి;
మధ్యలో ఉన్న తేడాయే నా కూడు.
ఆదివారం గేటు తాళం తీసి
డెబ్బై రెండు నాటి ఆయన టొరానాని
ముందు చక్రాలవరకే పళ్లెం మీదికి ఎక్కించాం.
అంకె కాసేపు తడబడి నిలిచింది: ఆరు వందల ఇరవై.
నువ్వూ కూర్చో, అన్నాడు. ఆరు వందల నలభై.
నాలో సగమే ముందుకి వచ్చింది.
మిగతా సగం వెనక టైర్లది.

ఆయన చూపు నడిమధ్య ఇప్పుడొక బూడిద మచ్చ.
అంచులు మాత్రం కనిపిస్తాయట:
నా మోచెయ్యి, షెడ్డు తలుపు, బయట ఎర్రమట్టి.
అందుకే స్ప్రింగుల్ని వేళ్లతో చదువుతాడు.

బల్ల మీద రెండు జతలు.
ఒకటి పొట్టిది, లావు తీగ,
ఎప్పుడో ఎవరో ఒక చుట్టు కోసేశారు.
కోస్తే మెత్తబడుతుందనుకుంటారు,
కోసినకొద్దీ బిర్రబిగుస్తుంది, అన్నాడు.
నాకు మా పాత మేనేజరు గుర్తొచ్చాడు.

రెండోది సన్న తీగ,
నిలబెడితే నా మోకాలి దగ్గరికి వచ్చింది.
ఇంత మెత్తనిదా?
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు మావైపు.
ఆ ముక్క ఆయన భాషలోకి దించబోయి
మొత్తడం దగ్గర ఆగిపోయాను.

ఒకే బరువు రెండింటి మీదా పెట్టు, అన్నాడు.
బిర్రుది బొటనవేలంత దిగి, చాలంటుంది.
మెత్తనిది దిగుతుంది, దిగుతుంది, జానెడు దిగుతుంది.
దిగిన ప్రతి అంగుళానికీ లెక్క రాసుకుంటుంది.
పచ్చలైటు పడగానే
మొత్తం బాకీ ఒక్కసారే అడుగుతుంది.

గొలుసు వేశాం దానికి, కరిచే కుక్కకి వేసినట్టు.
మర తిప్పుతుంటే చుట్టు చుట్టుకీ ఎడం తగ్గింది.
ఎదురుగా నిలబడకు.
ఎనభై మూడులో ఒకటి జారి కప్పు రేకులోంచి పోయింది.
ఆ చిల్లులోంచి ఇప్పటికీ పళ్లెమంత ఎండ
పొద్దున గోడ మీద, మధ్యాహ్నం బల్ల మీద,
సాయంత్రం ఆయన చెప్పుల మీద.

కారులోంచి తీసిన పాత జతని పక్కపక్కన నిలబెట్టాం.
కుడిది వేలెడు పొట్టి.
డ్రైవరు కూర్చునే వైపు.
ముప్పై ఏళ్లపాటు ఆయన నూట పది కిలోలు.
ఆ వేలెడు ఖాళీని చాలాసేపు తడిమాడు.
ఏమీ అనలేదు. టీ పెట్టమన్నాడు.

శనివారం రాత్రి.
రబ్బరు కాలిన పొగ, నది వైపునుంచి దోమలు.
పసుపు, పసుపు, పసుపు, పచ్చ.
క్లచ్ వదిలాను.
బానెట్ లేచి ట్రాకుని మింగేసింది.
లైట్లు, కంచె, జనం అంతా కిందికి జారిపోయి
ఆకాశం ఒక్కటే మిగిలింది,
చేతిలో స్టీరింగు, దాని మీద ఏ బరువూ లేకుండా.
ఎంతసేపు?
వేడి నూనెలో ఆవగింజ ఆలోచించుకునేంత.
తర్వాత షాకులు ముక్కుని దింపాయి,
నిద్రపోయే పిల్లని మంచం మీద పెట్టినంత నెమ్మదిగా.

ఓడిపోయాను. పక్క లేనులో ఒక పాలడైరీవాడి యూట్,
వెనక తొట్టిలో ఇంకా గడ్డి పరకలు.

క్లారీ కంచె పట్టుకునే ఉన్నాడు.
టైమెంతని అడగలేదు.
ఎడమ ముందు చక్రం ఎక్కువ లేచిందా?
రెండు వేళ్లు, అన్నాను.
లోపల కూర్చున్నదాన్ని, నేను చూడలేదు. నడుము చెప్పింది.

తలూపి, జేబులోంచి తీశాడు
గుండ్రటి రబ్బరు బిళ్ల ఒకటి.
అంచులు వంకరటింకరగా,
చూపు లేని చెయ్యి కోసినట్టు.
కోసిన చోట మట్టి చేరింది.
ఇవాళ కోసింది కాదు.